యాక్సిడెంటుకు ముందు కార్డు గీకవలెను

పేదలకు డబ్బు లెక్కలు రావు. పెద్దలంతా కూడబలుక్కుని తేల్చేశారు కాబట్టి మనం వాదించబోవడం లేదు. అందుకే డబ్బు పాఠాలు నేర్పే తరగతులంటూ షామియానా వేసి, మైకు పెట్టి, "పొదుపు చేయండమ్మా" అని చెబుతున్నారు. మూడు రోజుల కూలితో వారం నెట్టుకొచ్చే మనిషికి ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం ఉండాలి. మెచ్చుకోవాల్సిందే.

మన ఫిర్యాదల్లా సిలబస్ మీదే. అసలు పాఠాలు అందులో లేవు.

జన్‌ధన్ ఖాతానే తీసుకోండి. 2014 ఆగస్టు 28న మొదలైంది. పైసా లేకున్నా ఖాతా, దానికో రూపే ఏటీఎం కార్డు, కార్డుకో ప్రమాద బీమా. పాత ఖాతాలకు లక్ష, 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచినవాటికి 2 లక్షలు. అంతా ఉచితమే, చిన్న మెలిక తప్ప. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలి. కాబట్టి సెంట్రింగ్ మీంచి జారిపడబోయే మేస్త్రీ ముందుగా పంచాంగం తీసి దుర్ముహూర్తం చూసుకోవాలి. ఏటీఎంకు వెళ్లి రావాలి. ఆ తర్వాతే పడాలి. డబ్బు తీయనక్కర్లేదు, బ్యాలెన్స్ చూసుకున్నా లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క ముక్క మైకులో చెబితే బాగుండేది. కార్డేమో ఇచ్చిన కవరుతో సహా బీరువాలో పట్టుచీర కింద భద్రంగా ఉంది. విలువైన వస్తువని చెప్పారు మరి!

ప్రమాదానికి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రాణానికి జీవన్‌జ్యోతి బీమా 436. రెండూ మే ఆఖరులో ఖాతాలోంచి వాటంతటవే కోసుకుంటాయి. ఆ వారం ఖాతాలో 456 లేకపోతే పాలసీ ఆగిపోతుంది. ఆ సంగతి చాలా ఇళ్లలో క్లెయిముకు వెళ్లిన రోజునే తెలుస్తుంది.

ఇక ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే ఏజెంటు, బ్యాంకు మిత్ర. ఆ మిత్ర దగ్గర డబ్బు తీయాలంటే వేలిముద్ర. సిమెంటు కలిపిన చేతులు, అంట్లు తోమిన చేతులు. గీతలు అరిగిపోయి ఉంటాయి. "పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు." పెడుతుంది. "సర్వర్ డౌనమ్మా, రేపు రా." నిజంగా పడలేదా, పడి డబ్బు పోయిందా? రసీదు లేకుండా తెలిసే దారి లేదు, రసీదు అడిగితే "రోల్ అయిపోయింది". నగదు చేతికి రాకుండా ఖాతాలో కోత పడితే 5 రోజుల్లో తిరిగి జమచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 పరిహారం, అడగకపోయినా ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. షామియానా కింద మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

డైలీ ఫైనాన్స్ ఆయనకు ఈ ఇబ్బందులేవీ లేవు. 10,000 అని చెప్పి, వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతాడు. రోజుకు 100, వంద రోజులు. చూడ్డానికి నూటికి పదే. కానీ మొదటి రోజు నుంచే అసలు తరిగిపోతుంటుంది కదా, ఏడాదికి లెక్కేస్తే దాదాపు 80 శాతం. "ఖరీదెక్కువని నాకు తెలీదేంటి" అంటుంది ఆ అప్పు తీసుకున్న ఆమె. తెలుసు. జన్‌ధన్ ఖాతా మీద 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో లేకపోయినా తీసుకునే అప్పు, ఉందని, 2,000 వరకైతే షరతులు కూడా లేవని తెలుసుకుని బ్యాంకు కౌంటర్లో అడిగింది కూడా. "అదేంటమ్మా, ఎవరు చెప్పారు నీకు?" అన్నారు లోపలివాళ్లు.

తరగతులు ఎలాగూ పెడుతున్నారు, ఈసారి షామియానా కౌంటరుకు అవతలి వైపు వేయించండి. టైము మాత్రం పొద్దున ఏడింటికి వద్దు. అప్పుడు ఫైనాన్స్ ఆయన బండి వస్తుంది, ఆయన సర్వర్ ఒక్కరోజు కూడా డౌన్ కాలేదు.