గాగమేలాలో ముందు వెనుదిరిగిందెవరు?

క్రీ.పూ. 331 అక్టోబరు 1న గాగమేలాలో అలెగ్జాండర్ గెలిచాడు, పర్షియా రాజు మూడో డేరియస్ ఓడాడు. దీని మీద ఎవరికీ పేచీ లేదు. ఇంటర్నెట్‌లో తెగని తగాదా అంతా ఆ గెలుపును ఏ మాటల్లో రాయాలన్న దగ్గరే.

తగాదా పాతదే. ఈ పోరును చాలాకాలం అర్బేలా యుద్ధమన్నారు. అర్బేలా అంటే నేటి ఇరాక్‌లోని ఎర్బిల్. యుద్ధభూమికీ ఆ ఊరికీ మధ్య 500 నుంచి 600 స్టేడియాల (పాత గ్రీకు కొలత) దూరం, అంటే సుమారు 90-110 కిలోమీటర్లు ఉందని క్రీ.శ. రెండో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు అరియన్ విసుక్కున్నాడు. గాగమేలా ఓ పల్లె, పేరూ వినసొంపుగా ఉండదు, అందుకే జనం పేరున్న ఊరిని పట్టుకున్నారని ఆయన వాదన.

ఇక సైన్యాల లెక్క. పర్షియా కాల్బలం అరియన్ ప్రకారం 10 లక్షలు, మరో గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ ప్రకారం 8 లక్షలు, రోమన్ చరిత్రకారుడు కర్టియస్ ప్రకారం 2 లక్షలు. మూడూ కలిపి సగటు తీస్తే నిజం తేలదు. తిండి లెక్క వేసి చూడాలి. మనిషికి రోజుకు కిలో ధాన్యమనుకున్నా 10 లక్షల మందికి వెయ్యి టన్నులు కావాలి. గాడిద మోసేది 75 కిలోలనుకుంటే ఒక్క రోజు గ్రాసానికే 13 వేలకు పైగా గాడిదలు. వాటి మేత, 40 వేల గుర్రాల దాణా, అందరికీ నీళ్లు వేరే. అరియన్ అంకె అక్కడే కూలిపోతుంది. అలెగ్జాండర్ వైపు ఆయనే చెప్పిన 40 వేల కాల్బలం, 7 వేల అశ్వికదళం మాత్రం నమ్మదగ్గవే.

మృతుల లెక్క ఇంకా చిక్కు. అలెగ్జాండర్ వైపు సుమారు 100 మంది, గుర్రాలు మాత్రం వెయ్యికి పైగా పోయాయంటాడు అరియన్. గుర్రాలు గాయాలతోనే కాదు, తరిమి తరిమి అలసిపోయి కూడా చచ్చాయి. పైగా ఆయన గ్రీకు మాటకు ‘అలెగ్జాండర్ వెంట ఉన్నవారు’ అనే అర్థం కూడా వస్తుంది. అది మొత్తం సేన కావచ్చు, కుడివైపు ఆయనతో దూకిన దళమే కావచ్చు. ఎడమవైపు ఆయన సేనాని పార్మేనియన్ ఉక్కిరిబిక్కిరైన పోరులో పడ్డవారు ఈ వందలో ఉన్నారో లేదో తేలదు. కర్టియస్ 300 లోపంటాడు, డయోడోరస్ 500 అంటాడు. ‘100 మంది మృతి’ అని మూలం చెప్పకుండా రాస్తే ఇదంతా మాయమైపోతుంది.

అసలు మంట రేగేది డేరియస్ పారిపోవడం దగ్గర. అలెగ్జాండర్ కుడికి జరుగుతూ పోయాడు, పర్షియా అశ్వికదళం అతన్ని అడ్డుకోబోయి అటే సాగింది, వరుసలో ఖాళీ పడింది, అతను అందులోకి దూసుకొచ్చాడు. అప్పుడు అందరికన్నా ముందు రాజే వెనుదిరిగాడని అరియన్ కథనం. డయోడోరస్ కథనంలో డేరియస్ రథసారథి కూలాడు, చచ్చింది రాజేననుకుని చుట్టూ ఉన్నవాళ్లు చెదిరిపోయారు. ఆకాశంలో కనిపించినవీ, నాటి సంఘటనలూ రాసుకున్న బాబిలోన్ ఖగోళ డైరీ మట్టిపలకదీ దాదాపు ఇదే దారి: రాజును సైన్యమే విడిచిపెట్టింది. ఈ మూడింటిలో యుద్ధకాలం నాటిది పలక ఒక్కటే. బాబిలోన్ పంచాంగంలో ఒకే నెల 13న చంద్రగ్రహణం, 24న యుద్ధం అని అందులో ఉండబట్టే మనకు అక్టోబరు 1 అని తేదీ కూడా చిక్కింది.

అందుకే నా ఓటు పలకకే, కానీ కళ్లు మూసుకుని కాదు. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే బాబిలోన్ అలెగ్జాండర్ వశమైంది. అదే డైరీ అతన్ని ‘ప్రపంచానికి రాజు’ అని పిలిచింది. గెలిచినవాడి నీడ ఆ రాతల మీదా పడి ఉండొచ్చు.