‘బిఫోర్’ ఫొటోలోని ట్రాక్ ప్యాంటు

విదేశంలో ఉంటున్న మన తెలుగు సంఘం ఊరెళ్ళి చేసిన డిసెంబర్ సేవా కార్యక్రమం ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులో మీరంతా చూసే ఉంటారు. వరంగల్ దగ్గర ఒక సర్కారు బడి, వరసగా నిలబడ్డ పిల్లలు, కొత్త ట్రాక్ సూట్లు, వీపు మీద మన సంఘం లోగో. వాటిలో ఒక జంట ఫొటో ఉంది. ఎడమ పక్కన మోకాలి దగ్గర మాసిక పడ్డ నీలం ట్రాక్ ప్యాంటుతో ఒక పాప, కింద ‘బిఫోర్’. కుడి పక్కన అదే పాప కొత్త సూట్లో, కింద ‘ఆఫ్టర్’. దాని కింద దండాల బొమ్మలు ఎన్ని పడ్డాయో లెక్కలేదు. ఆ ఫొటో తీసేటప్పుడు అట్టపెట్టెలు విప్పుతూ పక్కనే ఉన్నాను నేను. ఉండి కూడా నోరు మెదపలేదు.

"కొంచెం దిగాలుగా చూడమ్మా" అన్నారు మనవాళ్ళొకరు. పాపకు అర్థం కాలేదు. అందరి చూపూ ఎటు పోతోందో గమనించి, మెల్లగా మాసిక మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక మన బ్యానర్ మీద జీవంజి దీప్తి బొమ్మ. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్ళి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన అమ్మాయి. ఆ బొమ్మ కింద నిలబెట్టి ఈ పిల్లను దిగులు పడమంటున్నాం.

తర్వాత ఆ మాసికను దగ్గరగా చూశాను. అలాంటి పని చూసి చాలా ఏళ్ళయింది. చిరుగు మీద గుడ్డ పెట్టి కుట్టేయలేదు. అదే సాగుడు బట్ట ముక్కను లోపలి నుంచి పెట్టి, మూలలు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ అటూ ఇటూ వంకరగా పోయే సన్నటి జిగ్‌జాగ్ కుట్టు వేశారు. మూలలు కోసుగా ఉంటే నాలుగు ఉతుకులకే లేచిపోతాయి. తిన్నగా పోయే కుట్టు వేస్తే మోకాలు వంగినప్పుడు బట్ట సాగుతుంది, దారం సాగదు, పటుక్కున తెగుతుంది. ఆ కుట్టినావిడకు ఇవన్నీ తెలుసు. "మా అమ్మ కుట్టింది సార్. పీకో షాపుల పని చేస్తది" అంది పాప.

ఆ రోజే పెట్టిన పరుగుపందెం మొదలయ్యేసరికి ఆ పిల్ల మళ్ళీ పాత ప్యాంటులోనే వచ్చింది. "కొత్తది జారుతది సార్." తప్పు పిల్లది కాదు. మనం కొన్నది మూడే సైజులు, పిల్లలేమో అన్ని సైజుల్లో ఉన్నారు. పాత ప్యాంటుతోనే పరిగెత్తి రెండో స్థానంలో వచ్చింది. ఆ ఫొటో మాత్రం గ్రూపులో లేదు.

నాకెందుకింత పట్టింపంటే, 1993లో హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నేనూ అలాగే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మా అన్న లాగు, తొడల మధ్య అరిగిపోయింది. అమ్మ దగ్గర నల్లటి తొక్కుడు మిషను ఉండేది. దానికి జిగ్‌జాగ్ రాదు. అందుకని బట్టను రెండు చేతులతో కొంచెం లాగి పట్టుకుని కుట్టేది, కుట్టు కాస్త వదులుగా పడేది. మొనలు, మలుపుల దగ్గర చేత్తో, సూదిని వెనక్కి తిప్పి వేసే గట్టి కుట్టు. నీలం లాగుకు తెల్లదారం. నీలం రీలు కొనమంటే "లోపల ఎవడు చూస్తడు బిడ్డా" అంది. వంగి నిలబడితే అందరూ చూశారు మరి. అమ్మ పొదుపు గురించి ఇక్కడ స్టేజీల మీద మురిసిపోతూ చెప్పుకుంటాం గానీ, ఆ రోజు నాకు మురిపెమేమీ కలగలేదు, ఏడుపొచ్చింది. అది పొదుపు కూడా కాదు, డబ్బుల్లేకపోవడం. ఉన్న రోజుల్లో కూడా ఆవిడ పాత బనియన్లు అలమారా నిండా దాచి ఇల్లంతా ఇరుకు చేసేది, అది వేరే సంగతి.

ఇక్కడ మా ఇంట్లో జరిగేదీ చెప్పాలి. మావాడి సాకర్ షార్ట్స్‌కు ఎలాస్టిక్ పోతే చెత్తబుట్టలోకే. ఊరి నుంచి వచ్చాక మొదటిసారి ఒకటి బాగుచేశాను. నడుము పట్టీ కుట్టు రెండంగుళాలు విప్పి, నడుము కొలత కంటే రెండంగుళాలు తక్కువగా కొత్త ఎలాస్టిక్ కత్తిరించి, ఒక కొసకు పిన్నీసు గుచ్చి లోపలికి తోస్తూ పోవడమే. రెండో కొసను బట్టకే పిన్ను పెట్టకపోతే అది కూడా లోపలికి జారిపోతుంది. నాకు రెండుసార్లు జారింది. అసలు ఎలాస్టిక్‌ను చంపేది డ్రయ్యర్ వేడి. మా అమ్మ దండెం మీద ఆరేసిన లాగుకు ఆ బాధ లేదు.

మనవాళ్ళను తిట్టడానికి రాయడం లేదు. సెలవు పెట్టి, సొంత టికెట్లతో వచ్చారు. కొత్త బట్ట చేతికందినప్పుడు పిల్లల ముఖాలూ చూశాను, ఆ సంతోషం అబద్ధం కాదు. చిరిగినవే వేసుకోమనే హక్కు మనకెక్కడిది? పెరుగుతున్న ఆడపిల్లలకు కొలతకు సరిపోయే కొత్తవే కావాలి. కానీ కొత్తవి ఇవ్వడానికి పాతదాన్ని అవమానించాల్సిన పని లేదు. నెల తిరక్కుండా ఆ కొత్త సూట్లకూ ఎలాస్టిక్ పోతుంది, జిప్పు ఊడుతుంది. అప్పుడు బాగుచేసేది మళ్ళీ ఆ తల్లే.

కాబట్టి మన సంఘం కార్యవర్గానికి, అంటే ఈసీ వారికి, ఒక విన్నపం. వచ్చే డిసెంబర్ బడ్జెట్లో ట్రాక్ సూట్లు కొన్ని తగ్గించండి. ఆ డబ్బుతో జిగ్‌జాగ్ వేసే మిషను ఒకటి బడికివ్వండి. ఊళ్ళో పీకో పనిచేసే ఇద్దరికి రోజుకూలీ ఇచ్చి, పంపిణీ రోజునే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. కొత్తవాటి నడుము అక్కడికక్కడే సరిచేస్తారు, పాతవాటికి మాసికలు వేస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలు, మగపిల్లలతో సహా, చూసి నేర్చుకుంటారు. ‘బిఫోర్’ ఫొటోను మాత్రం గ్రూపులోంచి ఈ వారమే తీసేయండి, డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు.

సూదుల ఖర్చు నాది. టీషర్టు బట్టకు మొన గుండ్రంగా ఉండే సూదులు కావాలి, 75/11 సైజు. మామూలు సూది పోగును కోసేస్తుంది, అక్కడి నుంచి చిరుగు నిచ్చెనలా పాకుతుంది. పాలియెస్టర్ దారం రీళ్ళు కూడా తెస్తాను, నీలం రంగువి ఎక్కువగా. ఎలాస్టిక్ ఇక్కడి నుంచి మోయొద్దు, హనుమకొండ చౌరస్తాలో మీటర్ల లెక్కన దొరుకుతుంది.