మ్యాచ్ అయ్యాక ఫోన్ ఎత్తని దాతలు

మా బంధువుల్లో ఒక పాపకి తలసీమియా, అంటే ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ ఇంట్లో పెళ్లికి వెళ్లాలన్నా, ఊరికి వెళ్లాలన్నా ముందు చూసేది క్యాలెండర్ కాదు, పాప హీమోగ్లోబిన్. "ఎనిమిదికి పడిపోయింది, ఎల్లుండి తీసుకెళ్లాలి" అంటే ఇక ఆ వారం పనులన్నీ ఆగినట్టే. ఇది నయం కావాలంటే సరిపోయే దాత మూలుగ కణాలు ఎక్కించాలి. పాప అన్నయ్యకి టెస్ట్ చేస్తే మ్యాచ్ కాలేదు. దాతల పేర్లు ఉండే రిజిస్ట్రీలో వెతికితే ఒకతను దొరికాడు. ఆ రోజు వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడుస్తూనే చెప్పింది. కొన్ని వారాలకి మళ్లీ ఫోన్. దాత ఇంట్లో ఒప్పుకోవడం లేదట.

ఆ అబ్బాయి ఎవరో మాకు తెలియదు. దాత, రోగి వివరాలు ఒకరివి మరొకరికి చెప్పరు. అతని మీద నాకు కోపమూ లేదు. ఆ ఇంట్లో ఏ మాటలు నడిచి ఉంటాయో ఊహించగలను. "పెళ్లి కావాల్సిన పిల్లాడు, వెన్నులోంచి తీస్తే రేపు నడుం పడిపోదూ?" ఈ మాట మా ఇంట్లోనే విన్నాను, నేను దాతగా పేరు రాయించుకున్న రోజు.

వెన్నుపాము వేరు, మూలుగ వేరు. మటన్ కూరలో నల్లి బొక్క పడితే పళ్లెం అంచుకేసి తట్టి లోపలిది జుర్రుకుంటాం కదా, అదే మూలుగ. పుస్తకాల్లో ఎముక మజ్జ అని రాసేది దాన్నే. పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే మూలుగ ఎక్కువగా కటి ఎముకలో, రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో ఉంటుంది. అక్కడ రోజుకి దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలు పుడుతుంటాయి. వీటన్నిటికీ మూలం, వేల కణాల్లో ఒకటిగా ఉండే రక్త మూలకణం. తనలాంటి మరో కణాన్నీ అదే పుట్టిస్తుంది, ఎర్రకణంగా, తెల్లకణంగా, ప్లేట్‌లెట్‌గా మారే కణాల్నీ అదే పుట్టిస్తుంది. అందుకే దానిలో కొంత ఇచ్చేసినా దాతకి లోటు మిగలదు. కొన్ని వారాల్లో పూడిపోతుంది.

ఈ కణం ఉందని రుజువు చేసిన కథ నాకు చాలా ఇష్టం. టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లాక్ అనే ఇద్దరు, రేడియేషన్‌తో మూలుగ దెబ్బతిన్న ఎలుకలకి వేరే ఎలుకల మూలుగ కణాలు ఎక్కించి చూస్తున్నారు. పదో రోజు ఆదివారం. మెకల్లాక్ ఒక్కడే ల్యాబ్‌కి వెళ్లి ఎలుకల ప్లీహాలు బయటికి తీస్తే వాటిమీద బొడిపెలు కనిపించాయి. లెక్కపెట్టాడు. ఎక్కువ కణాలు ఎక్కించిన ఎలుకలో ఎక్కువ బొడిపెలు, తక్కువ ఎక్కించినదాంట్లో తక్కువ. ఇది 1961లో అచ్చయింది. ఒక్కో బొడిపె ఒకే ఒక్క కణం నుంచి పెరిగిందని 1963లో ఆండ్రూ బెకర్‌తో కలిసి తేల్చారు.

మనుషుల్లో మాత్రం ఆ దారి చాలా ప్రాణాలు తీసుకుంది. అమెరికాలో డాక్టర్ డోనల్ థామస్ 1957లో ఆరుగురికి మూలుగ ఎక్కించిన సంగతి ప్రచురించాడు. ఆరుగురిలో ఎవరూ ఎక్కువ కాలం బతకలేదు. తర్వాతి పదేళ్లలో ప్రపంచమంతా కలిపి సుమారు 200 మార్పిడులు జరిగినా ఫలితం దాదాపు శూన్యం. చాలామంది డాక్టర్లు వదిలేశారు. థామస్ మళ్లీ కుక్కల మీద ప్రయోగాలకి వెళ్లాడు. తెల్లకణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు దాతకీ రోగికీ కలవాలన్న పాఠం ఆ ఏళ్లలోనే గట్టిపడింది. 1968లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన ఒక పసివాడికి, గుర్తులు చాలావరకు కలిసిన అక్క మూలుగని వేరే డాక్టర్లు ఎక్కిస్తే బతికాడు. థామస్‌కి 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో తలసీమియా పిల్లలకి మూలుగ మార్పిడి 1986లోనే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో మొదలైంది. అంటే ఇది ఎక్కడో విదేశాల్లో దొరికే కొత్త వైద్యం ఏమీ కాదు. మనకి పక్కనే, దాదాపు నలభై ఏళ్లుగా ఉంది.

మరి దాత ఏం చేయాలి? ఇప్పుడు ఎక్కువసార్లు ఎముకలోకి సూది కూడా గుచ్చరు. నాలుగైదు రోజులు జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మూలకణాలు మూలుగలోంచి రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో ఒళ్లు నొప్పులు, తలనొప్పి ఉంటాయి, వైరల్ జ్వరం వచ్చినట్టు ఉంటుంది. ఉండవని చెప్పి దాతని ఒప్పించడం తప్పు. తర్వాత ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది, అది కావాల్సిన కణాలు పట్టుకుని మిగతాది రెండో చేతికి తిరిగి పంపిస్తుంది. నాలుగైదు గంటల పని. డెంగీ సీజన్‌లో ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మెషీన్‌తో తీసే) ప్లేట్‌లెట్స్ ఇచ్చినవాళ్లకి ఈ మెషీన్ బాగా తెలుసు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి వాట్సాప్‌లో "ఓ పాజిటివ్ ప్లేట్‌లెట్స్ అర్జెంట్" అని మెసేజ్ పడితే ముక్కూమొహం తెలియనివాడి కోసం బండేసుకుని వెళ్లే కుర్రాళ్లు మనకి ఎంతమందో ఉన్నారు. ఇక్కడ లోపించింది మంచితనం అని నేను ఎలా అనగలను? "మూలుగ" అన్న మాటకి ఇళ్లలో ఉన్న భయం అది.

రక్తం గ్రూపు కలవడం తేలిక, హెచ్‌ఎల్‌ఏ కలవడం కష్టం. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కాబట్టి తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. బయట వెతికితే ముందు చూడాల్సింది మన పూర్వీకుల నుంచే వచ్చిన మిగతా వాళ్లని. హైదరాబాద్‌లోని జీవ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువుల్ని పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు చాలా కాలంగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ, కొద్దిమంది పూర్వీకుల జన్యువుల్నే ఎక్కువగా మోస్తున్నాయని తేలింది. మన వైశ్యులు అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ. అలా మోసుకొచ్చిన ఒక జన్యు లోపం వల్ల, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించడానికి వాడే ఒక మందు వాళ్లలో కొందరికి పడదని ఇక్కడి ఎనస్థీషియా డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు.

ఈ చరిత్ర వల్ల మనకి రెండు పర్యవసానాలు. కొన్ని జబ్బులు కొన్ని కులాల్లో గుంపుగా కనిపిస్తాయి. ఆ జబ్బుకి మందుగా పనికొచ్చే దాత కూడా చాలాసార్లు ఆ చుట్టుపక్కల వాళ్లలోనే దొరకాలి. ఎనిమిది కోట్ల జనాభా ఉన్న జర్మనీలో దాదాపు కోటిమంది దాతలుగా పేర్లు ఇచ్చారు. 140 కోట్ల మనలో ఆ సంఖ్య లక్షల్లోనే ఉంది. జర్మన్ల కోటి పేర్లలో గుంటూరు పాపకి మ్యాచ్ దొరకడం దాదాపు కలే. న్యూజెర్సీలో ఉన్న తెలుగు కుర్రాడికి లుకేమియా వస్తే అతని మ్యాచ్ ఒంగోలులో ఇంజినీరింగ్ చదువుతున్న ఎవరో కావొచ్చు. మేనరికాల ఇళ్లలో అయితే తోబుట్టువులతో ఆగిపోకుండా మేనమామ పిల్లల దాకా టెస్ట్ చేయించాలని డాక్టర్లు అంటారు. జబ్బు తెచ్చిన చుట్టరికంలోనే మ్యాచ్ కూడా దొరకొచ్చు.

"ఇప్పుడు హాఫ్ మ్యాచ్‌తో కూడా చేస్తున్నారు కదా, రిజిస్ట్రీ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. గుర్తులు సగమే కలిసిన తల్లో తండ్రో దాత అయ్యే ఈ పద్ధతిని బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు నిలబెట్టారు. కణాలు ఎక్కించిన మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు. రోగి శరీరం మీద దాడికి దిగి వేగంగా పెరుగుతున్న దాత టీ-కణాలు (ఒక రకం తెల్లకణాలు) ఆ మందుకి చచ్చిపోతాయి. మూలకణాల్లో ఆ మందుని విరిచేసే ఎంజైమ్ దండిగా ఉంటుంది, అవి బతికి బయటపడతాయి. ఎంత తెలివైన ఆలోచన! కానీ తలసీమియా పిల్లలు అప్పటికే పదుల మంది రక్తం ఎక్కించుకుని ఉంటారు. వాళ్ల శరీరం పరాయి కణాలకి ఎదురుతిరగడం నేర్చుకుని ఉంటుంది. అందుకే సగం మ్యాచ్‌ని తిప్పికొట్టే ప్రమాదం ఎక్కువ. ఫుల్ మ్యాచ్ దొరికితే అదే మేలు. ఆలస్యం కూడా మంచిది కాదు. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో ఐరన్ లోపల పేరుకుని కాలేయం గట్టిపడే కొద్దీ మార్పిడి ప్రమాదం పెరుగుతుందని ఇటలీలోని పెసారోలో గ్విడో లుకరెల్లి బృందం ఎప్పుడో చూపించింది.

జీన్ థెరపీ మాటా వింటున్నాం. సికిల్ సెల్, తలసీమియాలకి రోగి సొంత మూలకణాల్నే సరిచేసే క్యాస్‌జెవీ అనే చికిత్సకి 2023 నవంబర్‌లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన వెల్లూరు సీఎంసీ వాళ్లు హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి సొంత మూలకణాల్లోనే జన్యువు చేర్చి రక్తస్రావాలు ఆపగలిగారు, 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. నాకు దీనిమీద నిజంగా ఆశ ఉంది. అయితే ఈ ఏడాది హీమోగ్లోబిన్ పడిపోతున్న పిల్లలు దానికోసం ఆగలేరు.

దాతకి ఎప్పుడైనా వద్దనే హక్కు ఉంది, ఉండాలి. కానీ ఒక సమయం ఉంటుంది. కొత్త కణాలకి చోటు చేయడానికి కీమోతో పాప సొంత మూలుగని తీసేస్తారు. ఆ తర్వాత దాత వద్దంటే ఆ పాపకి వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే కాలేజీ క్యాంపుల్లో ఒక్కరోజులో వందలమంది చెంపల్లో కాటన్ పుల్ల రుద్ది, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయడం నాకు నచ్చదు. యాభై మంది చాలు. వాళ్ల అమ్మానాన్నలకి ఆ రోజే తెలుగులో చెప్పాలి, కణాలు ఇచ్చి మామూలుగా తిరుగుతున్న ఒక దాతని పక్కన కూర్చోబెట్టి చెప్పించాలి. కాగితం తెలుగులో ఉండాలి. ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ రోజే పేరు రాయించుకోకుండా వెళ్లిపోవచ్చు, అది ఎవరికీ నష్టం కాదు.

పాప కోసం ఇప్పుడు వాళ్ల నాన్నతో హాఫ్ మ్యాచ్‌కి సిద్ధమవుతున్నారు. ఐరన్ తగ్గించే మందు రోజూ వేస్తున్నారు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చూపే ఫెరిటిన్ దిగాలి. వాళ్లమ్మ ఒకసారి నన్ను అడిగింది, "అన్నయ్యా, నువ్వు పేరు ఇచ్చావు కదా, నిన్నెప్పుడైనా పిలిచారా?" అని. పిలవలేదు అన్నాను. ఆ రాత్రి గుర్తొచ్చింది, రెండేళ్ల కింద నేను నంబర్ మార్చాను. బ్యాంకుకి చెప్పాను, గ్యాస్ ఏజెన్సీకి చెప్పాను, రిజిస్ట్రీకి చెప్పలేదు. పొద్దున్నే కొత్త నంబర్ పంపించాను.