పేరు తెచ్చింది ఎవరు, ఎవరికి?

వేల్స్‌లో రచయితలు, కళాకారులు బతికిన చిన్న ఊరు అనగానే మాట కవి డిలన్ థామస్ మీదికి, ఆయన ఉన్న లార్న్ మీదికి పోతుంది. ఆయన గొప్పతనం నేను కాదనను. కానీ స్వాన్సీ లోయలోని అస్ట్రాడ్‌గన్‌లైస్ గురించి కూడా నలుగురికీ తెలియాలి. అది బొగ్గు గనుల ఊరు.

1944లో జోసెఫ్ హెర్మన్ అనే చిత్రకారుడు కొద్దిరోజులు ఉండి వెళ్దామని అక్కడికి వచ్చాడు. వార్సాలో పుట్టిన యూదుడు. 1938లో పోలండ్ వదిలి బ్రసెల్స్‌కి, తర్వాత ఫ్రాన్స్‌కి, చివరికి గ్లాస్గో చేరాడు. ఇంట్లోవాళ్ళెవరూ మిగల్లేదన్న కబురు 1942లో అక్కడే తెలిసింది. ఆ దుఃఖంతో వచ్చిన మనిషికి ఈ ఊరి వంతెన మీద, పని ముగించుకుని ఇళ్ళకు పోతున్న గని కార్మికులు కనిపించారు. వెనక అస్తమిస్తున్న సూర్యుడు. పాత పటాల్లో సాధువుల తల వెనకుండే కాంతివలయం గుర్తొచ్చిందని తర్వాత రాసుకున్నాడు. కొద్దిరోజులు కాస్తా పదకొండేళ్ళయ్యాయి.

దీన్ని 'మారుమూల ఊరికి ఒక కళాకారుడు పేరు తెచ్చాడు' అని ఎవరైనా చెప్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరు ఆయనకిచ్చిందాని సంగతేంటి? భాష వేరు, మతం వేరు, చేసే పని వేరు. అయినా ఆ జనం ఆయన్ని 'జో బాఖ్' అని ముద్దుగా పిలుచుకున్నారు, తమ మధ్య కూర్చుని బొమ్మలు వేసుకోనిచ్చారు. సర్వం పోయిన మనిషిని నిలబెట్టింది వాళ్ళే అని నా నమ్మకం. 1951లో లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ అనే జాతీయ ప్రదర్శన కోసం ఆయన వేసిన పెద్ద చిత్రం 'మైనర్స్' ఇప్పుడు స్వాన్సీలోని గ్లిన్ వివియన్ గ్యాలరీది. ఒక్కసారి దాన్ని వెతికి చూడండి. అలసిపోయి కూర్చున్న మనుషులే, కానీ వాళ్ళ మీద జాలి కలగదు. గౌరవం కలుగుతుంది.

లోయ పైభాగంలో ఒపేరా గాయని అడెలీనా పట్టికి ఏకంగా కోటే ఉండేది, అందులో సొంత థియేటర్‌తో సహా. ఆవిడకు గుర్తింపు లోటేమీ లేదు.

నా అసలు బాధ మెన్నా గాలీ గురించి. ఆవిడ ఆ ఊళ్ళోనే పుట్టింది. 1959లో వచ్చిన 'స్ట్రైక్ ఫర్ ఎ కింగ్‌డమ్' నవలలో 1926లో గని కార్మికులు చేసిన సమ్మె రోజుల్ని తీసుకుని, గని మేనేజర్ హత్య చుట్టూ కథ నడిపింది. హెర్మన్ బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది మగవాళ్ళే. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో, దేనికి నవ్వుకున్నారో తెలియాలంటే గాలీ నవలలు చదవాలి. బయటినుంచి వచ్చినాయన గురించి ఇంత చెప్పుకుంటూ ఊరి ఆడబిడ్డను పక్కనపెట్టడం అన్యాయం. ఇకపైన ఆ ఊరి గురించి రాసేవాళ్ళు దయచేసి ఇద్దరి పేర్లూ రాయండి.