వేలిముద్రగాళ్ళు చేసిన ఘోరం

డిగ్రీ లేనివాళ్ళకి ఓటు తీసేయాలని 2024 మేలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం పెట్టినాయన అప్పటికి గోవాలో ఉన్నారు. శని, ఆదివారాలకి సోమవారం పోలింగ్ సెలవు కలిసొచ్చింది మరి.

నేనూ చెయ్యెత్తాను. తప్పంతా 1952లోనే జరిగింది. ఆ తొలి ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల పైచిలుకు, అందులో నూటికి 85 మందికి చదువు రాదు. బుద్ధున్న దేశమైతే ముందు ఎంట్రన్స్ పెట్టేది. మనవాళ్ళు గుర్తులు పెట్టారు. అభ్యర్థికో ఇనప డబ్బా, దాని మీద కాడెద్దులో, గుడిసెలో, కంకి కొడవలో. చీటీ నచ్చిన డబ్బాలో వేసి రావడమే. హిమాచల్‌లోని కిన్నౌర్ కొండల్లో వాళ్ళయితే మంచు పడితే దారులు మూసుకుపోతాయని 1951 అక్టోబరులోనే వేసేశారు. అంత తొందరేమిటో!

జాబితాలు టైపు చేయడానికి 16,500 మంది గుమాస్తాలని ఆరు నెలల కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. టైపు మిషన్ ముందు కూర్చున్న జాతి నిర్మాత విగ్రహం ఏ కూడలిలోనైనా ఉందా? నాకైతే కనబడలేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా విడ్డూరం. ఉత్తరాదిలో పేరడిగితే "ఫలానావాడి పెళ్ళాన్ని", "ఫలానావాడి అమ్మని" అన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ లెక్కలు చదివిన మనిషి, అలా కుదరదన్నాడు. సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి కొట్టేశారు. మొగుడి పేరు చాలదా? మా నేమ్‌ప్లేట్ మీద నా పేరొక్కటే ఉంది, మా ఆవిడ ఏమైనా అందా? (నేనూ అడగలేదనుకోండి.)

మన నల్లగొండ వాళ్ళు మరీ బరితెగించారు. నిన్నమొన్నటిదాకా దొరలకి వెట్టి చేసిన ఊళ్ళు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి పంపాయి. అది రెండు సీట్ల నియోజకవర్గం, మనిషికి రెండు ఓట్లు కదా అని మా గ్రూపులో లెక్కల మాస్టారు లేవదీశారు. ఆయనకీ ఆ సోమవారం ఒంట్లో బాగాలేదు.

అప్పుడు దేశం మొత్తమ్మీద పోలింగ్ సుమారు 45 శాతం. 2024లో మా హైదరాబాద్‌లో 48. ఇన్నేళ్ళ చదువుకి మూడు శాతం లాభం! అందులో మా బిల్డింగ్ వాటా వాచ్‌మన్, ఆయన భార్య. పొద్దున ఏడింటికే వెళ్ళొచ్చారట. రాత్రి గోవా సూట్‌కేసు లిఫ్టులో పెడుతుంటే చూశాను, వేలి మీద సిరా ఇంకా నిగనిగలాడుతోంది.