కామెంటుకు ఆధార్ ముడివేస్తే బూతులు ఆగుతాయా?

ఈ నెలలో ఆ సందేశం నాకు అయిదోసారి వచ్చింది. మొదట డిగ్రీ మిత్రుల గ్రూపులో, తరువాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆపైన మా పెదనాన్నగారి అబ్బాయి నుండి, ఆయన పంపిన అరగంటకే ఆయన బావమరిది నుండి, చివరకు ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇరవై ఏళ్ళపాటు లాజిక్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి నుండి. మొదటి నలుగురినీ క్షమించాను. లాజిక్ మాస్టారు పంపిన తరువాత ఊరకుండటం నా వల్ల కాలేదు.

సందేశం సారాంశం ఇది. యూట్యూబ్ వీడియోల కింద, ఫేస్‌బుక్ పోస్టుల కింద బూతులు రాసేవారందరూ దొంగ పేర్ల చాటున దాక్కున్నవారే కనుక, ప్రతి ఖాతాకూ ఆధార్ జోడించి, అసలు పేరు కనిపిస్తేనే కామెంటు పెట్టనివ్వాలి. దక్షిణ కొరియా ఈ పని చేసి బూతులను రూపుమాపింది. చైనాలో ఇది ఎప్పటినుండో ఉంది. పేరు తెలియనందువల్లే పోలీసులు ఎవరినీ పట్టుకోలేకపోతున్నారు. తప్పు చేయనివాడికి పేరు చెప్పుకోవడానికి భయమెందుకు? దీనిని కనీసం పది గ్రూపులకు పంపి ప్రభుత్వం కళ్ళు తెరిపించండి. కింద "ఇట్లు, ఒక బాధ్యతగల భారతీయుడు" అని ఉంది. పేరు మాత్రం లేదు.

చిన్న అంశాలను ముందే పక్కన పెడదాము. కామెంట్లు రాసేవారి అసలు గుర్తింపును సంస్థలు సరిచూడాలన్న నిబంధన చైనాలో 2017 అక్టోబరు నుండి ఉన్నమాట నిజమే. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించిన రోజున పండుగ చేసుకున్న గ్రూపుకు అదే దేశపు నిబంధన ఇప్పుడు ఆదర్శం ఎలా అయిందో అడిగే ఓపిక నాకు లేదు. ఇక ప్రభుత్వం కళ్ళు తెరిపించడం గురించి: 50 లక్షలకు మించి వినియోగదారులున్న సామాజిక మాధ్యమాలు, కోరుకున్నవారికి ఖాతాను ధ్రువీకరించుకునే సదుపాయం కల్పించాలని 2021 నాటి ఐటీ నిబంధనల్లోనే రాసి ఉంది. "కోరుకున్నవారికి" అన్న మాటే మన బాధ్యతగల భారతీయుడికి గిట్టనట్లుంది. ఆధార్ సంగతి కూడా తేలినదే. మొబైల్ సిమ్‌కు ఆధార్‌ను తప్పనిసరి చేయడం చెల్లదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. సిమ్‌కు తప్పనిసరి కానిది సినిమా ట్రైలర్ కింద రాసే రెండు మాటలకు తప్పనిసరి కావాలట.

కొరియా ఉదాహరణను అంత తేలికగా తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆ చట్టం నిజంగా వచ్చింది; కాకపోతే కథలో చివరి అంకాన్ని కత్తిరించి మనకు పంపారు. పెద్ద సైట్లలో ఏదైనా రాయదలచినవారు ముందుగా తమ పౌర నమోదు సంఖ్యతో గుర్తింపు నిరూపించుకోవాలన్న చట్టం అక్కడ 2007 జూలైలో అమలులోకి వచ్చింది. రోజుకు 3 లక్షలమందికి పైగా వచ్చే పోర్టళ్ళతో మొదలుపెట్టి, 2009లో లక్షమంది వచ్చే సైట్లకు కూడా దానిని విస్తరించారు. పేరు పైకి కనిపించనక్కరలేదు, సంస్థకు తెలిస్తే చాలు. ఆ లెక్కన మన సందేశం కోరుతున్నదానికంటే అది మెతక చట్టమే. ఒక నటుడి చావుకు తాను ఇచ్చిన అప్పే కారణమన్న పుకార్లు ఇంటర్నెట్ నిండా వ్యాపించిన తరువాత నటి చోయ్ జిన్‌సిల్ 2008 అక్టోబరులో ప్రాణం తీసుకునే నాటికి ఆ చట్టం వచ్చి ఏడాది దాటింది. 2009లో యూట్యూబ్ ఆ నిబంధనకు ఒప్పుకోలేక కొరియా విభాగంలో వీడియోలు ఎక్కించడాన్నీ కామెంట్లు రాయడాన్నీ ఆపివేస్తే, జనం సెట్టింగుల్లో దేశం పేరు మార్చుకొని ఎప్పటిలాగే రాసుకున్నారు. 2011 జూలైలో నేట్, సైవరల్డ్ సైట్ల నుండి మూడున్నర కోట్లమంది వివరాలు దొంగల పాలయ్యాయి. ఆ దేశ జనాభా మొత్తం సుమారు 5 కోట్లు. మరుసటి ఏడాది, 2012 ఆగస్టు 23న, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగినంతగా తగ్గాయనడానికి ఆధారం లేదనీ, జనం విదేశీ సైట్లకు తరలిపోయారనీ తీర్పులో పేర్కొంది. బూతులను రూపుమాపిన ఆ దేశంలోనే 2020 మార్చిలో అతి పెద్ద పోర్టల్ నేవర్, సినీతారల వార్తల కింద కామెంట్లను పూర్తిగా మూసివేయవలసి వచ్చింది.

పేరు తెలియకపోవడం వల్లే పోలీసులు చేతులు కట్టుకొని కూర్చున్నారన్నది తరువాతి అంశం. దర్యాప్తు అధికారులు రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలనీ, వినియోగదారుడు ఖాతా మూసుకొని వెళ్ళిపోయినా 180 రోజులపాటు అతని నమోదు వివరాలను భద్రపరచాలనీ అవే 2021 నిబంధనలు చెబుతున్నాయి. కొన్నేళ్ళ కిందట మా బంధువుల అమ్మాయి ఫోటోల కింద ఒకడు నెలరోజులపాటు వరుసగా రాసిన రాతలను పట్టుకొని నేనూ, ఆమె తండ్రీ ఒక ఠాణాకు వెళ్ళాము. వాడు మారుపేరేమీ పెట్టుకోలేదు. సొంత పేరు, సొంత ముఖం, చదివే కాలేజీ, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించేలా బండి మీద కూర్చొని దిగిన ఫోటో, అన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. స్క్రీన్‌షాట్లన్నీ ఓపికగా చూసిన తరువాత అక్కడి ఉద్యోగి చెప్పిన మాట ఇది: "అమ్మాయినే కొన్నాళ్ళు ఆ ఫోన్ పక్కన పెట్టమనండి సార్, గొడవే ఉండదు." ఆన్‌లైన్‌లో వెంటాడటం అప్పుడు ఐపీసీ 354-డి కింద నేరమే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద కూడా నేరమే. ఆ రోజు ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కకపోవడానికి ఆధార్ సంఖ్య దొరకకపోవడం కారణం కాదు.

ఇక అన్నిటికీ మూలమైనదీ, కోపం అణచుకొని నేను చదవలేకపోయినదీ ఒక్కటే: అసలు పేరుతో రాసేవాడు మర్యాదగా రాస్తాడన్న నమ్మకం. 2013 నవంబరులో యూట్యూబ్ ఇంచుమించు ఇదే ఆశతో తన కామెంట్లను, అసలు పేర్లే వాడాలని పట్టుబట్టిన గూగుల్ ప్లస్ (అప్పట్లో గూగుల్ నడిపిన సామాజిక మాధ్యమం) ఖాతాలకు ముడివేసింది. రెండు లక్షలకు మించిన వినియోగదారులు దానికి వ్యతిరేకంగా పిటిషన్ మీద సంతకాలు చేశారు. యూట్యూబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీమే, ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్న తన చానల్‌లో, ఒక వీడియోకు కామెంటు పెట్టడానికి గూగుల్ ప్లస్ ఖాతా ఎందుకు కావాలని ఒక బూతుమాట కలిపి మరీ అడిగాడు. సొంత పేరుతోనే అడిగాడని వేరే చెప్పనక్కరలేదు. కొత్త పద్ధతిలో స్పామ్ పెరిగిందని ఆ నెలలోనే గూగుల్ ఒప్పుకొంది. 2014లో అసలు పేరు నిబంధననూ, 2015లో ఆ ముడినీ తొలగించింది. జర్మనీలోని ఒక పిటిషన్ల వేదిక మీద వచ్చిన అయిదు లక్షలకు పైగా కామెంట్లను పరిశీలించి జూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం మరొక అడుగు ముందుకు వేసి, పేరు దాచుకున్నవారికంటే పేరు పెట్టుకొని రాసినవారే ఎక్కువ దూకుడుగా రాశారని చెప్పింది. ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. ధర్మం తన పక్షాన ఉందని నమ్మి తిట్టేవాడికి ఆ తిట్టుకు రావలసిన మెప్పు కూడా కావాలి, మెప్పు కావాలంటే పేరు ఉండాలి.

జర్మనీ దాకా వెళ్ళడం కూడా దండగే. వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరికీ నంబరుంది, డీపీ ఉంది, చాలామంది పేరు పక్కన ఉద్యోగం హోదా కూడా ఉంది. మరి ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి మన అపార్ట్‌మెంట్ గ్రూపులో, లిఫ్టు దగ్గర రోజూ నమస్కారాలు పెట్టుకునే పెద్దమనుషులు ఒకరి తల్లిదండ్రులను ఒకరు ఏమేమి అన్నారో స్క్రోల్ చేసి చూసుకోవచ్చు. హీరోల అభిమానులు ట్రైలర్ల కింద రాసుకునే రాతల్లో సగం పేర్లకు ముందు హీరో పేరు, వెనక ఊరి పేరు గర్వంగా తగిలించుకున్నవే.

పైగా తెలుగువాడికి అసలు పేరు అంటే కేవలం పేరు కాదు. ముందర ఇంటిపేరు ఉంటుంది, కొందరికి చివర మరో తోక ఉంటుంది, ఆ రెండింటినీ ఊరితో కలిపి లెక్క కట్టి మనిషి కులం తేల్చడంలో మనవాళ్ళకున్న నేర్పు ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు. మారుపేరుతో రాసినంతకాలం ఒక అభిప్రాయం అభిప్రాయంగానే ఉంటుంది, కనీసం కొంతసేపైనా. అసలు పేరు కనిపించిన మరుక్షణం అది "వాళ్ళ" అభిప్రాయం అయిపోతుంది, ఆ తరువాత వచ్చే జవాబులన్నీ వాదనకు కాక ఇంటిపేరుకు వస్తాయి. దళితుడైన విద్యార్థి హాస్టల్ భోజనం గురించి రాసినా, ముస్లిం గృహిణి బతుకమ్మ చీరల నాణ్యత గురించి రాసినా, కింద నడిచే చర్చ భోజనం గురించీ, చీరల గురించీ ఉండదు. ఆధార్ పేరు అందరికీ కనిపించాలని కోరేవారు, ఆ పేరు చూడగానే ఎదుటివారికి ఏమీ స్ఫురించని అదృష్టవంతులై ఉండాలి, లేదా స్ఫురించేది తమకు మేలు చేసేదై ఉండాలి.

తప్పు చేయనివాడికి భయమెందుకు? ఈ వాక్యాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టినాయన తన ఫ్లాటు తలుపుకు మూడు గడియలూ ఒక కెమెరా పెట్టించుకున్నారు, అది వేరే సంగతి. 2012 నవంబరులో, బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై ఎందుకు మూతపడాలని ఫేస్‌బుక్‌లో సొంత పేరుతో అడిగిన పాల్‌ఘర్ యువతి తప్పు చేయలేదు. ఆ మాటకు లైక్ కొట్టిన స్నేహితురాలు అంతకన్నా తప్పు చేయలేదు. ఇద్దరూ అరెస్టయ్యారు, ఆ మాట రాసిన యువతి బంధువు ఆసుపత్రి మీద గుంపు పడి ధ్వంసం చేసింది. వారి మీద ప్రయోగించిన, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలను శిక్షించే ఐటీ చట్టం 66-ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది కానీ, ఆ గుంపుకు దారి చూపింది సెక్షన్ కాదు, పేరు. కొరియాలో "మినర్వా" అన్న మారుపేరుతో ఆర్థిక వ్యవస్థ పోకడల గురించి రాసి ప్రభుత్వానికి కంటగింపైన మనిషి 2009 జనవరిలో అరెస్టయి, ఏప్రిల్‌లో నిర్దోషిగా బయటికి వచ్చాడు. తప్పు చేయలేదని తేలేసరికి మూడు నెలల జైలు పూర్తయింది. ఉపాధి హామీ మస్టర్లలో చనిపోయినవారి పేర్లున్నాయని తెలిసిన చిరుద్యోగి, వార్డులో రాత్రిపూట ఆక్సిజన్ ఎవరు చూస్తున్నారో తెలిసిన నర్సు, భర్త కొట్టిన విషయం పుట్టింటికి చెప్పుకోలేక తెలియని ఆడవాళ్ళ మధ్య చెప్పుకునే ఇల్లాలు, వీరిలో తప్పు చేసినవారెవరో బాధ్యతగల భారతీయుడు సెలవివ్వాలి.

ఒక సంగతి ఒప్పుకోవాలి, అందులోనూ ఇంత రాసిన తరువాత ఒప్పుకోవడం ఇబ్బందిగానే ఉంది. సందేశం మొదట్లో, దొంగ ఖాతాల నుండి వచ్చిన మార్ఫింగ్ ఫోటోల వల్ల చదువు మానుకున్న ఆడపిల్లల ప్రస్తావన ఉంది. మారుపేరు హక్కు గురించి నాలాగా మాట్లాడేవారు ఆ పిల్ల ఎదురుగా కూర్చొని చెప్పగలిగిన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు; 72 గంటల నిబంధన ఆమెకు ఎంత ఓదార్పో మా బంధువుల ఇంట్లో చూశాను. అలాగే డబ్బు తీసుకొని వంద ఖాతాల నుండి ఒకే తిట్టును పంచేవాడికీ, చానల్ పెట్టి బూతు మీద ఆదాయం సంపాదించేవాడికీ మారుపేరు హక్కు ఉందని నేను అనను. డబ్బు చేతులు మారే చోట గుర్తింపు అడగవలసిందే. ఎన్నికల ప్రకటనలు ఇచ్చేవారి గుర్తింపును ఫేస్‌బుక్ 2019 నుండి మన దేశంలో సరిచూస్తున్నది. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఇంకా గట్టిగా సరిచూడాలన్నదే నా ఫిర్యాదు. కానీ సందేశం అడుగుతున్నది అది కాదు. ప్రకటనకర్తనూ, చానల్ యజమానినీ వదిలేసి, వీడియో కింద ఒక్క వాక్యం రాసే నర్సు వేలిముద్ర కావాలంటున్నది.

కొరియా తీర్పు సంగతీ, గూగుల్ ప్లస్ సంగతీ నాలుగు వాక్యాల్లో కుదించి నిన్న సాయంత్రం డిగ్రీ మిత్రుల గ్రూపులో పెట్టాను. నాకు అక్కడ పరిచయం లేని, ఎవరి స్నేహితుడిగానో చేరిన ఒకాయన నుండి పది నిమిషాలకు జవాబు వచ్చింది. పేరు, ఇంటిపేరు, డీపీలో కుటుంబం, కింద హోదా, అన్నీ సక్రమంగా ఉన్నాయి. కొరియా గురించి ఏమీ అనలేదు. "బాగా రాశారండీ. ఇంతకీ మీ ఇంటిపేరువాళ్ళు కృష్ణకు ఇవతలివాళ్ళా, అవతలివాళ్ళా?"