బోడి ఎద్దుకు మాత్రమే మినహాయింపు

ఈ వారంలో ఆ సందేశం నాకు చేరడం ఇది ఐదోసారి. మొదట బావగారు పంపారు, తర్వాత ముగ్గురు పాత మిత్రులు, నిన్న రాత్రి మళ్ళీ బావగారే. హయత్‌నగర్ పాత సరాయి ఫోటో, దాని కింద ఈ మాటలు: “సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. లోపలి నుంచి గోల్కొండకు సొరంగం ఉంది. బాటసారులకు బస ఉచితం. మన రాజుల కాలంలో దారి మీద పైసా వసూలు చేసినవాడు లేడు, టోలు తెల్లవాడు తెచ్చిన దోపిడీ. కాబట్టి పంతంగి టోల్‌గేటు దగ్గర కట్టకండి, బూత్‌లో ఉన్నవాణ్ణి నిలదీయండి.”

సున్నం సంగతి: మీరు పంపిన ఫోటోనే కాస్త పెద్దది చేసి చూడండి, కమాను మీద పెచ్చులూడుతున్నది సున్నపు గచ్చే.

సొరంగం: హైదరాబాదులో నాలుగు పాత రాళ్ళున్న ప్రతిచోటి నుంచీ గోల్కొండకు సొరంగం ఉందంటారు. అన్నీ నిజమైతే ఊరు ఈపాటికి కుంగిపోయేది.

అసలు బాధ నాలుగో మాటతో. ఆ సరాయి కట్టించిన హయత్ బక్షీ బేగం కొడుకే గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా. గోల్కొండ రేవుల్లో అడ్డంకి లేకుండా వ్యాపారం చేసుకోవడానికి ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1632లో ఆయన నుంచి బంగారు ఫర్మానా అనే రాజాజ్ఞ సంపాదించారు. అందుకు ఏటా 500 బంగారు హొన్నులు కట్టడానికి ఒప్పుకున్నారు. సుంకమే లేని రాజ్యంలో ఈ ఒప్పందం దేనికి? తెల్లవాడు సుంకం తేలేదు స్వామీ, ముందు మనకు కట్టాడు!

కుతుబ్ షాహీలు మా లెక్కలోకి రారు అనేవారు ఉంటారని తెలుసు. సరే, ఇంకా వెనక్కి వెళదాం. 1530ల నాటి విజయనగరం గురించి పోర్చుగీసువాడు నూనిజ్ రాసింది చదవండి. సరుకు వచ్చే నగర ద్వారాన్ని ఏడాదికి 12,000 వరహాలకు గుత్తకిచ్చారు. పల్లెవాడైనా పరదేశి అయినా గుత్తదారు అడిగినంత కట్టకుండా లోపలికి పోలేడు. రోజుకు రెండు వేల బరువుటెద్దులు వస్తే ఎద్దుకింత అని లెక్క. కొమ్ముల్లేని బోడి ఎద్దులకు మాత్రం రాజ్యంలో ఎక్కడా సుంకం లేదట. ఈ సందేశం రాసినాయన ఆ రోజుల్లో పుట్టి ఉంటే ఆ మినహాయింపు కిందే దాటిపోయేవాడు.

ఇంకా కావాలా? 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై లాక్కోము అన్న దయామయుడు ఆయన. ఆ దయలోనూ ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం ఉంది.

ఇవేవీ చదవకపోయినా తెలుగు వస్తే చాలు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అనే సామెత ఎక్కడి నుంచి వచ్చింది? “రహదారి” అని రోజూ వాడుతున్నామే, మొగలుల కాలంలో రాహదారీ అంటే దారి మీద వసూలు చేసే సుంకమే! ఘట్టకుటీ ప్రభాతమంటే ఇదే: సుంకం ఎగ్గొట్టాలని రాత్రంతా అడ్డదారిన నడిచినవాడికి సరిగ్గా సుంకపు పాక ముందే తెల్లవారింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లోపలి దారుల సుంకాలను ఎత్తేసింది ఎవరనుకున్నారు? 1844లో, ఆ తెల్లవాళ్ళే. అంతకుముందు కడుపారా తిన్నారనుకోండి, అది వేరే కథ.

ఇక నిలదీయడం. పోయిన నెల ఒక టోలు బూత్ దగ్గర నా ముందు కారాయన ఇదే సందేశం ఫోనులో చూపిస్తూ పది నిమిషాలు అరిచాడు. లోపల ఉన్నది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. గణపతిదేవుడూ తెలియదు, గుత్తదారూ తెలియదు, నెల జీతం ఒక్కటే తెలుసు. వెనక అంబులెన్సు మోగుతోంది. బావగారూ, మీరు నొక్కిన ఒక్క వేలిముద్ర అక్కడిదాకా వెళ్ళింది.

బస ఉచితం అన్నది మాత్రం ఒప్పుకుంటాను. గోల్కొండ పేటలోని మసీదులే పరదేశులకు సరాయిలుగా పనికొచ్చేవని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. బందరు దారిన వచ్చినవాడికి హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ గదులుండేవి, పక్కనే ఏనుగులతో నీళ్ళు తోడించే హాథీ బావి. అదే దారిలో ఇప్పుడు సుంకం కట్టిన లారీ డ్రైవరు మధ్యాహ్నం లారీ కిందే తువ్వాలు పరుచుకుని పడుకుంటున్నాడు. ఈ ఒక్క ముక్కే రాసి పంపి ఉంటే, నేనూ పదిమందికి పంపేవాణ్ణి.